కోర్టుకు పోతే నౌకరి వస్తదా?

రైలు పెద్దపల్లి దాటేసరికి పొద్దు వాలుతున్నది. సికింద్రాబాదు నుంచి సిర్పూరు కాగజ్‌నగర్ పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సు అది. నా ఎదుటి బల్ల మీద తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. తల్లికి అరవై దాటి ఉంటాయి. వేళ్ళ కొసలు నల్లబడి, గోళ్ళు అరిగి ఉన్నవి. బీడీలు చుట్టిన చేతులని చూడగానే పోల్చుకున్నాను. కూతురికి పాతికేళ్ళుంటాయేమో. ఒడిలో మూడు నెలల పసిబిడ్డ, పక్కన ఒక ప్లాస్టిక్ సంచి. బిడ్డనైతే మాటిమాటికీ తల్లి చేతికి ఇస్తున్నది గాని, సంచిని మాత్రం ఒక్కసారీ వదలలేదు.

నేను ముప్ఫై ఏళ్ళు కరీంనగరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా పని చేసినవాణ్ణి. మనిషి సంచిని పట్టుకునే తీరును బట్టి లోపల ఉన్నవి కూరగాయలో, కాగితాలో చెప్పగలను.

“కేసేనా అమ్మా?” అన్నాను.

ఆ పిల్ల ఉలిక్కిపడ్డది. తల్లే జవాబిచ్చింది. “ఇంకా కేసు కాలే సారూ. ఎయ్యాల్నా వద్దా అని తిరుగుతున్నం.”

సంగతి ఇది. పట్నంలో ఒక పెద్ద బట్టల దుకాణం. ఇరవై మంది దాకా పనివాళ్ళు. ఈ పిల్ల అక్కడ నాలుగేళ్ళు చీరలు చూపించింది. అదే పని చేసే మగపిల్లలకంటే నెలకు రెండు వేలు తక్కువ ఇచ్చేవారట. దానికి ఏనాడూ నోరు మెదపలేదు. ఐదో నెల రాగానే, “పొద్దంతా నిలబడే పని, నీతో కాదు, రేపటినుంచి రాకు” అన్నారు. కానుపయ్యాక పోయి అడిగితే, “నీ జాగాలో ఇంకో పిల్లను పెట్టుకున్నం” అన్నారు.

“కోర్టుకు పోతే నౌకరి వస్తదా సారూ?” అన్నది ఆ పిల్ల. “రాకుంటే ఊరంత నా పేరే ఖరాబైతది.”

ప్రశ్న చిన్నదే. కాని ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాలేదు. రామగుండం వచ్చేవరకూ, ఆ తరువాత గోదావరి వంతెన దాటేవరకూ చెబుతూనే ఉన్నాను. ఆనాడు చెప్పినదాన్నే, తరువాత కాగితాలు తిరగేసి సరిచూసుకుని, పాఠకుల ముందు పెడుతున్నాను.

రాజ్యాంగం ఎవరిని కట్టివేస్తుంది?

ఉద్యోగంలో వివక్ష అనగానే చదువుకున్నవారు రాజ్యాంగం పేరెత్తుతారు. నిజమే. 16వ అధికరణంలో స్పష్టంగా ఉన్నది. మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం, వీటిలో ఏ ఒక్కదాన్ని మాత్రమే కారణంగా చూపి సర్కారు కొలువులో ఎవరినీ తక్కువగా చూడరాదు. అయితే ఆ అధికరణం కట్టివేసేది ప్రభుత్వాన్నీ, ప్రభుత్వపు చేతిలో ఉన్న సంస్థలనూ. బట్టల దుకాణం సేఠును అది కట్టివేయదు. అతని మీదికి పోవాలంటే శాసనసభలో గాని, పార్లమెంటులో గాని చేసిన చట్టం ఒకటి చేతిలో ఉండాలి.

ఈ తేడా తెలియక తప్పుడు గుమ్మం తొక్కినవారిని నా గుమాస్తాగిరీలో ఎందరినో చూశాను. సర్కారు నౌకరీ అయితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రైవేటు నౌకరీ అయితే కార్మిక శాఖ, కార్మిక న్యాయస్థానం. ముందు గుమ్మం ఏదో తెలుసుకోవాలి. ఫీజు సంగతి ఆ తరువాత.

గెలిచినవారికి ఏం దక్కింది?

మన తెలుగుదేశంలోనే పుట్టిన పాత కేసొకటి ఉన్నది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలిపాలెమనే గ్రామం. కొత్తగా ఏర్పడ్డ ఆ గ్రామానికి మునసబు కావాలి. అది వంశపారంపర్యపు కొలువనీ, పాత మునసబుగారి వంశంలోని వారికే చెందాలనీ 1895 నాటి మద్రాసు చట్టం చెప్పింది. గాజుల దశరథరామారావు అనే అభ్యర్థి దానిమీద సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఫలానావారి ఇంట పుట్టాడన్న కారణంతో కొలువు ఇవ్వడం 16వ అధికరణం నిషేధించిన వంశ వివక్షేనని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. కోర్టు ఆయన్ను మునసబు కుర్చీలో కూర్చోబెట్టలేదు సుమా. ఆయన దరఖాస్తును అర్హతనుబట్టి చూడమన్నది, అంతే. కాని ఆ ఒక్క తీర్పుతో పుట్టుకనుబట్టి కొలువు అనే వాదానికి కాళ్ళు విరిగినవి.

విదేశాంగ శాఖలో సి. బి. ముత్తమ్మగారని ఒక అధికారిణి ఉండేవారు. పెళ్ళి చేసుకోదలిస్తే స్త్రీ ముందుగా సర్కారు అనుమతి పొందాలని ఆ శాఖ నియమం. సంసారం పనికి అడ్డు వస్తుందని తోస్తే రాజీనామా కూడా అడగవచ్చునట. మగవారికి అట్లాంటి నియమం లేదు. పదోన్నతి విషయంలో తనకు అన్యాయం జరిగిందని ఆమె కేసు వేశారు. 1979లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు ఆ నియమాలను గట్టిగా తప్పుపట్టారు. తీరా చూస్తే పిటిషనును కొట్టివేశారు! ఎందుకంటే విచారణకు వచ్చేలోగా ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చివేసింది. కాగితం మీద ఓడిపోయిన ఆ కేసు కోరినదంతా సాధించిందన్నమాట.

బొంబాయిలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫరు మెకినన్ మెకెంజీ కంపెనీలో పని చేసింది. అదే పని చేసే మగ స్టెనోగ్రాఫర్లకంటే ఆమె జీతం తక్కువ. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 1977లో ఆమె కొలువు పోయింది. “మేము స్త్రీ అని తక్కువ ఇవ్వలేదు, యూనియనుతో ఒప్పందం అట్లా ఉన్నది” అని కంపెనీ వాదించింది. ఒకే తరహా పనికి ఒకే వేతనం ఇవ్వవలసిందేననీ, ఒప్పందం చూపి చట్టాన్ని తప్పించుకోరాదనీ 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. బకాయి వచ్చింది. పదేళ్ళ తరువాత వచ్చింది.

అన్ని తీర్పులూ పూర్తిగా తీపిగా ఉండవని కూడా చెప్పాలి. ఎయిర్ ఇండియా విమానాల్లో పనిచేసే హోస్టెస్సులు వేసిన కేసులో 1981లో తీర్పు వచ్చింది. మొదటి గర్భం రాగానే కొలువు తీసివేసే నియమాన్ని కోర్టు కొట్టివేసింది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోరాదన్న నియమాన్ని మాత్రం నిలబెట్టింది. సగం గెలుపు, సగం ఓటమి. మరో తరంవారు మళ్ళీ పోరాడవలసి వచ్చింది.

ఇంతవరకు విని ఆ తల్లి, “అయితే సారూ, ఏసినోళ్ళకు రాలే, ఎనకొచ్చినోళ్ళకు వచ్చినట్టు” అన్నది. నా ప్లీడరుగారు కూడా ఇంత బాగా చెప్పి ఉండరు.

బొగ్గుగనుల మాట

రామగుండం వచ్చింది. పూర్వపు కరీంనగరు జిల్లా అది. 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. గోదావరి ఇవతల గోదావరిఖని, అవతల శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి. రెండు వైపులా సింగరేణి గనులే. ఈ ప్రాంతపు ఇళ్ళలో నౌకరీ అన్నమాటకు ఏళ్ళ తరబడి బొగ్గుబాయి అనే అర్థం.

ఆ నౌకరీల చుట్టూ రెండు వివక్ష ప్రశ్నలు ఉన్నవి. ఒకటి వారసత్వం. పెద్దవయసు కార్మికుడు తప్పుకుంటే అతని కొడుకునో అల్లుణ్ణో తీసుకునే వారసత్వ ఉద్యోగాల పథకాన్ని సింగరేణి 2016లో ప్రకటించింది. కార్మిక వాడల్లో పండుగ చేసుకున్నారు. ఏ కార్మికుడికీ పుట్టని నిరుద్యోగుల మాటేమిటని హైకోర్టులో సవాలు వచ్చింది. సమానావకాశానికి ఇది విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు పథకాన్ని కొట్టివేసింది. పెరవలిపాలెం మునసబు కేసులోని సూత్రం ఆరు దశాబ్దాలకు బొగ్గుబాయి దగ్గరకు వచ్చిందన్నమాట.

మరి పనిలో చనిపోయినవాడి, జబ్బుపడి పనికి పనికిరాకుండా పోయినవాడి ఇంటివారి గతి? అది వేరు. అట్లాంటి కుటుంబాన్ని ఆదుకోవడానికి ఇచ్చే కారుణ్య నియామకం వంశ వివక్ష కిందికి రాదని 2008లో మన రాష్ట్రపు కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న తండ్రి కొలువును కొడుకుకు రాసివ్వడం ఆస్తి పంపకం. గుండె పగిలిన ఇంటికి ఒక కొలువు ఇవ్వడం ఆదరువు. ఈ గీత చాలా సన్ననిదే. కాని గీత అంటూ ఉన్నది.

రెండవది ఆడవారి సంగతి. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టరాదన్నది. భూమి పైన కూడా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే. రక్షణ అన్నారు. రక్షణ పేరిట మంచి జీతమున్న పనులన్నీ ఆడవారికి మూతపడినవి. 2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు స్త్రీలను అనుమతించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు స్త్రీలను అన్ని రకాల పనులకూ అర్హులన్నవి. రాత్రి పనికి ఆమె సమ్మతీ, రక్షణ ఏర్పాట్లూ ఉండాలన్నవి. తలుపు తెరవడం ఒకటి, లోపలికి పోయినవారికి స్నానాలగదీ, మరుగుదొడ్డీ ఉండడం ఇంకొకటి. ఆ రెండోది చట్టంలో రాసినంత మాత్రాన రాదు. అడిగేవారుండాలి.

ఆసిఫాబాదు యువకుడు

మా మాటలు వింటున్న ఒక యువకుడు కిటికీ పక్కనుంచి ఇటు తిరిగాడు. గోండు పిల్లవాడు. ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగుతాడట. బి.ఎడ్. చదివాడు. “మా సంగతి కూడా చెప్పండి సారూ. కోర్టుకు పోతే వచ్చుడే కాదు, పోవుడు కూడా ఉంటది” అన్నాడు.

అతనన్నది జి.వో. నంబరు 3 సంగతి. దీన్ని రెండు వైపులనుంచీ చూడకపోతే అన్యాయం చేసినవారమవుతాము.

ఆదిలాబాదు అడవుల్లో గోండులకూ, కొలాములకూ సొంత భాషలున్నవి. 1940లో జోడేఘాటులో కొమురం భీము నేలకొరిగిన తరువాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి ఈ కొండలకు పంపింది. ఆయన చొరవతో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలయినది. పిల్లల భాష వచ్చినవాడు, పిల్లల నడుమ ఉండేవాడు చదువు చెబితేనే చదువు అంటుతుందన్నది అందులోని ఆలోచన. మైదానంనుంచి వచ్చిన పంతులు బడికి రాకపోతే కొండమీది పిల్లవాడికి దిక్కెవరు?

ఆ ఆలోచననే ప్రభుత్వం తరువాత ఉత్తర్వుగా చేసింది. 1986లో ఒకటి వచ్చి కోర్టుల్లో నిలవలేదు. 2000 జనవరి 10న జి.వో. 3 వచ్చింది. ఏజెన్సీ ప్రాంతపు బడుల్లో ఉపాధ్యాయ కొలువులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. అభ్యర్థిగాని, తల్లిదండ్రులుగాని 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటూ ఉండాలి. దీనిమీద ఇతరులు కేసు వేశారు. 2001లో హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు ఔనని, ఒకరు కాదని, ఉత్తర్వును నిలబెట్టింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. తీర్పు వచ్చిన రోజు 2020 ఏప్రిల్ 22. ఉత్తర్వు పుట్టి ఇరవై ఏళ్ళు!

ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉత్తర్వును కొట్టివేసింది. నూటికి నూరు కేటాయిస్తే తక్కినవారికి అవకాశమే లేకుండా పోతుందని, సగానికి మించరాదన్న హద్దు దాటారని, గవర్నరు అధికారంతో ప్రాథమిక హక్కులను దాటలేరని అన్నది. 1950 నివాసపు నియమం వల్ల అక్కడి గిరిజనుల్లోనే కొందరికి అన్యాయం జరుగుతున్నదని కూడా ఎత్తిచూపింది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అయితే అప్పటికే చేరిన ఉపాధ్యాయులను తీసివేయమనలేదు. ఇకముందు హద్దు దాటరాదన్న షరతుతో వారి కొలువులు కాపాడింది.

“ఉన్నోళ్ళు ఉన్నరు. మా వంతు వచ్చేసరికి దర్వాజ బందైంది” అన్నాడు ఆ యువకుడు.

నేనేమి చెప్పను? చట్టం దృష్టిలో కేసు వేసినవారి బాధ నిజం. ఈ పిల్లవాడి బాధా నిజం. ఒకరికి వివక్షగా కనిపించినది ఇంకొకరికి ఆసరా. తెలంగాణంలో ఈ ముడి కొత్తది కాదు. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ముల్కీ నిబంధనలు స్థానికులకు కొలువులు కేటాయించినవి. 1957 నాటి నివాస చట్టాన్ని తెలంగాణకు మాత్రం వర్తింపజేయడం చెల్లదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు అన్నది. మళ్ళీ 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. మొదటిసారి ఈ వైపు, రెండవసారి ఆ వైపు రాష్ట్రం అట్టుడికిపోయింది. చివరకు 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినవి. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు, ఖమ్మం జిల్లాలను కలిపి ఐదవ జోను అన్నారు. పెద్ద పంచాయతీలు కోర్టు తీర్పుతో మొదలవుతాయి గాని, కోర్టు తీర్పుతో ముగియవు. చట్టసభ పూనుకోవాలి. గిరిజన బడుల విషయంలోనూ అంతే. పిల్లవాడి భాష వచ్చిన పంతులు కావాలన్న కోరిక న్యాయమైనదే. దానికి రాజ్యాంగం ఒప్పే దారి వెతకడం ప్రభుత్వపు బాధ్యత.

ఇక ఆ పిల్ల సంగతి

గోదావరి వంతెన దాటుతున్నప్పుడు తల్లి నదికి చేతులు జోడించింది. నేను పిల్లతో సూటిగా చెప్పాను.

గర్భం వచ్చిందని కొలువు తీసివేయడానికి వీలులేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచి ఉన్న హామీ అది. పదిమంది, అంతకు మించి పనివాళ్ళున్న దుకాణాలకు కూడా వర్తిస్తుంది. కానుపుకు ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు, జీతంతో. గర్భవతిగా ఉండగా తీసివేసినా ఆ సొమ్ము ఎగగొట్టరాదు. ఈ హామీలే ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే ఆ సొమ్ము ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. ఒకే పనికి ఆడవారికి తక్కువ జీతమివ్వడం 1976 నుంచీ తప్పే. కొత్త వేతన స్మృతిలోనూ తప్పే.

మొదట కోర్టు అక్కరలేదు. కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. దుకాణంలో పనిచేసినట్టు రుజువు కావాలి. బ్యాంకులో జీతం పడిన చిట్టా, హాజరు, ఫోనులో వచ్చిన సందేశాలు, ఆస్పత్రి కాగితాలు, తోటి పనివాళ్ళ మాట, ఏదైనా సరే. ఆలస్యం కూడదు. పనిచేసే చోట లైంగిక వేధింపు జరిగితే, 2013 చట్టం కింద మామూలుగా మూడు నెలల్లోగానే ఫిర్యాదు చేయాలి. తక్కినవాటికీ కాలదోషం ఉంటుంది.

ప్లీడరు ఫీజు లేదని కూర్చోనక్కరలేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, షెడ్యూల్డు కులాలవారికీ, తెగలవారికీ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఈ మాట చెప్పేసరికి ఆ పిల్ల మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

“ఇన్ని చేస్తే నౌకరి వస్తదా?”

“రావచ్చు, రాకపోవచ్చునమ్మా. ప్రసూతి సొమ్ము మాత్రం రావడానికి మంచి ఆధారమున్నది. జీతపు తేడా కూడా అడగవచ్చు. కొలువు మళ్ళీ ఇచ్చినా ఆ సేఠు కింద నువ్వు సుఖంగా చేయగలవా అన్నది నువ్వే ఆలోచించుకోవాలి. కాని నీ తరువాత ఆ దుకాణంలో కడుపుతో ఉండే పిల్లను ‘రేపటినుంచి రాకు’ అనడానికి మాత్రం అతని నోరు రాదు.”

ఆ పిల్ల మాట్లాడలేదు. తల్లి వైపు తిరిగి నేనడిగాను, “అవ్వా, నీకు పీఎఫ్ ఉన్నదా?”

“ఉన్నది సారూ. పింఛను గూడ వస్తది, కొద్దిగ.”

“ఎట్లా వచ్చిందో తెలుసా? బీడీలు చుట్టేది కార్ఖానాలో కాదు, ఎవరి ఇంట్లో వారు. కాబట్టి వీళ్ళు మా పనివాళ్ళు కాదని బీడీ యజమానులు వాదించారు. 1985లో సుప్రీంకోర్టు కాదన్నది. చుట్టి తెచ్చిన బీడీల్లో బాగాలేనివి పక్కకు తీసేసే అధికారం మీదే కదా, అయితే చుట్టినవాళ్ళు మీ పనివాళ్ళేనన్నది. ఇంట్లో చుట్టినా ప్రావిడెంటు ఫండు కట్టవలసిందేనన్నది.”

ఆమె కాసేపు తన వేళ్ళవైపు చూసుకున్నది. “నేను గా ముచ్చట ఎన్నడు ఇనలే. ఎవలో నాకు తెల్వనోళ్ళు కొట్లాడిన్రన్నట్టు” అని, బిడ్డను కూతురి ఒళ్ళోనుంచి తన ఒళ్ళోకి తీసుకున్నది.

మంచిర్యాల ఇంకా కొంచెం దూరమున్నది. ఆ పిల్ల సంచి విప్పి కాగితాలు బల్లమీద పరిచింది. ఆస్పత్రి చీటీలు, బ్యాంకు చిట్టా, దుకాణం గుర్తింపు కార్డు అన్నీ కలగలిసి ఉన్నవి. “తారీఖుల వరుసన పెట్టుకో అమ్మా, పాతది కింద, కొత్తది పైన” అన్నాను. ఆసిఫాబాదు యువకుడు ఫోను వెలుతురు పట్టాడు. స్టేషను వచ్చేసరికి కట్ట వరుసకు వచ్చింది.

దిగేముందు తల్లి నాతో అన్నది, “వస్తం సారూ. సోమవారం లేబరాఫీసు కాడికి పోతం.” కూతురు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. సంచిని మాత్రం ఈసారి భుజానికి తగిలించుకున్నది.